గడకు కట్టిన జల్లెడ

మా అక్క కూతురు యూ-ఛింగ్ పెళ్ళి రెండు రోజులుందనగా మా ఆయనకు కోవిడ్ వచ్చింది.

పుట్టింటి గడప దాటి కారెక్కేదాకా పెళ్ళికూతురి నెత్తి ఆకాశం కంట పడకూడదు. భర్తా పిల్లలూ ఉన్న ముత్తైదువ ఆ నెత్తికి గొడుగులా జల్లెడ అడ్డం పట్టాలి. మా ఊరు లుకాంగ్‌లో ఆ పిలుపు రావడమంటే ఆడదానికి చిన్న గౌరవం కాదు. నాకు యాభై దాటాక మొదటిసారి వచ్చింది. ఎర్ర కోటు కూడా కుట్టించుకున్నాను.

"ఎలా ఉన్నారు?" అన్నాను గది బయట నిలబడి.

"బతికే ఉన్నాను. నీ ముత్తైదువతనానికి ఢోకా లేదు. ఆ గంజి తలుపు దగ్గర పెట్టి వెళ్ళు" అన్నాడు దగ్గుతూ.

మూడు టీకాలూ వేసుకున్నవాళ్ళు, ఇంట్లో రోగి ఉన్నా గదిలో బందీలు కానక్కర్లేదని ఆ వేసవిలోనే కొత్త నియమం వచ్చింది. ముక్కులో పుల్ల పెట్టి చూసుకున్నాను. ఒక్క గీతే.

అక్క ఫోన్లో ఎగిరి గంతేసింది. "ప్రభుత్వం ఒప్పుకుంది, నీ ముక్కూ ఒప్పుకుంది. ఇంకేంటే నీ బాధ?"

"మీ అత్తగారు."

తొంభై ఏళ్ళ ఆవిడకు సూదంటే హడల్. ఒక్క టీకా వేయించుకోలేదు. పెళ్ళినాడు కూర్చునేదేమో గుమ్మం పక్కనే. నియమం నా సంగతి చెప్పింది గాని ఆవిడ సంగతి చెప్పలేదు. ఇవాళ ఒక్క గీత, ఎల్లుండి రెండైతే?

"వేరే ఎవరినైనా పిలువక్కా" అన్నాను. ఎర్ర కోటు మళ్ళీ బీరువాలో పెట్టేశాను.

యూ-ఛింగ్ ఫోన్ లాక్కుంది. "పిన్నీ, నువ్వు పట్టకపోతే నేను వంటింటి కిటికీలోంచి దూకి కారెక్కుతా!"

"నానమ్మకు అంటిస్తే?"

"దూరంగా నిలబడి పట్టు."

"నా చెయ్యేమన్నా ఏనుగు తొండమటే?"

గదిలోంచి మా ఆయన అరిచాడు. "దండెం మీద వెదురు గడ ఉందిగా! దానికి కట్టు!"

పెళ్ళినాటి ఉదయం మళ్ళీ చూసుకున్నాను. ఒక్క గీతే. అయినా మాస్కు కట్టుకుని సందులోనే, కారుకవతల నిలబడి గడ చాచాను. గుమ్మంలోంచి యూ-ఛింగ్ రాగానే జల్లెడ ఊగి పక్కన నడుస్తున్న పెళ్ళికొడుకు నెత్తిన ఠంగుమంది.

"ఎవరే ఆ చేపలు పట్టేది?" లోపలినుంచి ముసలావిడ.

"నేనే అత్తయ్యా! పెద్ద చేపే పడింది!"

సందంతా నవ్వింది. జల్లెడ మళ్ళీ యూ-ఛింగ్ నెత్తిమీదికి తెచ్చాను. జబ్బలు లాగేస్తున్నా కిందికి దించలేదు. కారు దగ్గరికి రాగానే పిల్ల నన్ను కావలించుకోబోయింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"ఎక్కవే తల్లీ, ఎక్కు! ఆకాశం చూస్తోంది!"