ఎదురుబొమల పాప

చిన్న వరద వచ్చిన మరుసటి ఏడు జరిగిన సంగతి ఇది. పెద్ద వరదకి వంతెన కొట్టుకుపోయింది, జనం మళ్ళీ కట్టుకున్నారు. చిన్న వరదకి వంతెన నిలిచింది గానీ బొమ్మల ఫ్యాక్టరీ పోయింది. దాన్ని ఎవరూ మళ్ళీ కట్టలేదు.

ఆ ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఒక ముసలాయన బొమ్మల కొట్టు నడిపేవాడు. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు, మధ్యలో ఒక తెర. వరద నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో గోడమీద మరక చెబుతూనే ఉంది. రెండుసార్లు సున్నం వేసినా మరక పైకి తేలింది. ఇక వెయ్యడం మానేశాడు. ఓపిక లేదు.

వీధిలో ఆయన్ని ఆరా తాత అనేవారు. నిజానికి ఆయన మాటల మనిషి కాదు. బేరం కూడా తల ఊపుతోనే తేల్చేసేవాడు. కానీ ఎవరైనా బొమ్మని చేతిలోకి తీసుకుంటే మాత్రం ఒక్క ప్రశ్న వేసేవాడు.

"దీన్నేం చేస్తావు?"

అలమారలో పెట్టుకుంటానంటే కాగితం చుట్టి ఇచ్చేవాడు. మొహం తుడిచి నాకు నచ్చినట్టు రంగులేసుకుంటానంటే బొమ్మని తీసుకెళ్ళి మళ్ళీ అరలో పెట్టేసేవాడు. తిట్టడం లేదు, అరవడం లేదు. అరలో పెట్టి వెనక్కి తిరిగి కూర్చునేవాడు. ఆ వీపు చూసి వచ్చినవాళ్ళే వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ రోజుల్లో అదొక పిచ్చి మొదలైంది. పాత బొమ్మ కొనడం, మొహం తుడిచెయ్యడం, జుట్టు పీకి వేరే జుట్టు కుట్టడం, తోచిన రూపం చేసి ఫోనుల్లో నలుగురికీ చూపించుకోవడం. ఒకావిడ తాతగారూ తాతగారూ అంటూ తేనె పూసి మాట్లాడి, గాజు బీరువాలో పెట్టుకుంటానని ఒట్టేసి మరీ పట్టుకెళ్ళింది. నెల తిరక్కుండానే ఆ బొమ్మ పచ్చటి ఒంటితో, కోరలతో ఫోనులో కనబడింది. చూపించింది పక్క కొట్టు దర్జీ. దర్జీ ముసలాయనకి స్వయానా బావమరిది.

"భలే ఉంది కదా బావా! నీకంటే అందంగా ఉంది," అన్నాడు దర్జీ.

ముసలాయన ఫోను తిరిగి ఇచ్చేశాడు. ఆ పూట ఆయన కంచంలో అన్నం అలాగే ఉండిపోయింది.

"అది కాదు బావా, నాకు తెలీక అడుగుతాను. అదేమన్నా పెళ్ళిసంబంధమా, ఇల్లూ వాకిలీ కనుక్కోడానికి? నేను చొక్కా కుట్టి ఇస్తాను. వాడు తొడుక్కుంటాడో, మసిగుడ్డ చేసుకుంటాడో నాకెందుకు? అమ్మేశాక అది వాడిది."

"చొక్కాకి మొహం లేదురా."

"ఉంటే మాత్రం? వేసిన మనిషికి లేని బాధ నీకెందుకు? కందకి లేని దురద కత్తిపీటకి దేనికి?"

వేసిన మనిషి అంటే దర్జీ అక్క, ముసలాయన భార్య. ఆమె తెర వెనక మంచమ్మీద కూర్చుని అన్నీ వింటూనే ఉండేది. ఆయన పొదుపు మాటలవాడైతే ఆమె ఇంకా పొదుపు.

ఫ్యాక్టరీ ఉన్నన్నాళ్ళూ ఆమె అక్కడ బొమ్మలకి మొహాలు వేసింది. కనుబొమలు, రెప్పలు, పెదాలు. ఆమెది ఎడమచేతివాటం. మిగతావాళ్ళు కనుబొమ గీస్తే ముక్కు దగ్గర లావుగా మొదలై చెవి వైపు సన్నబడుతుంది. ఆమె గీస్తే చెవి వైపు లావుగా మొదలై ముక్కు దగ్గర సన్నబడుతుంది. మేస్త్రీ మొదట్లో తిట్టాడు, తరవాత అలిసిపోయి ఊరుకున్నాడు. ఫ్యాక్టరీ పోయాక, బొమ్మలు పోగుచేసేవాళ్ళు ఆ తేడా కనిపెట్టి వాటికి ఎదురుబొమల పాపలని పేరు పెట్టారు. ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వచ్చారు. చేతినిండా దొరికినన్నాళ్ళూ ఎవడూ చూడలేదు.

ఆమె వేసినవాటిలో ఆయన దాచిపెట్టుకున్నవి మంచం కింద పెట్టెలో ఉండేవి. వరద మొదట వాటినే తీసుకుపోయింది. కొట్టులో పై అరల్లో ఉన్నవే మిగిలాయి. అవీ ఒక్కొక్కటీ వెళ్ళి, ఆఖరికి ఒక్కటి మిగిలింది. ఇంక కొత్తవి రావు. ఫ్యాక్టరీ ఉన్నా రావు. ఏళ్ళ తరబడి రంగు మందులో నాని ఆమె వేళ్ళు మొద్దుబారాయి. సన్న కుంచె పట్టుకుంటే, పట్టుకున్నట్టు కూడా వేళ్ళకి తెలియదు. ఆమె రవిక గుండీ కూడా ఆయనే పెట్టాలి.

ఆ ఒక్కటీ ఇంట్లోనే ఉంచుకోవచ్చు కదా అని దర్జీ అడిగాడు. ముసలాయన గోడమీద మరక చూపించాడు. ఈ ఇంటిని ఆయన నమ్మడు. మళ్ళీ నీళ్ళు వస్తాయి. ఆ మొహం ఎక్కడో ఒక ఎత్తైన ఇంట్లో, చెక్కు చెదరకుండా ఉండాలి. తామిద్దరూ పోయాక కూడా ఆమె చెయ్యి ఈ లోకంలో ఉందనడానికి ఒక్క గుర్తైనా ఉండాలి. ఆయనకి కావలసింది అదే. ఈ సంగతి ఆమెతో ఎప్పుడూ అనలేదు. ఇన్నేళ్ళ కాపురంలో అనాల్సినవేవీ ఆయన అనలేదు, ఇది మాత్రం అంటాడా?

అలాంటి ఇల్లు ఒకటి దొరికింది కూడా. గట్టుమీద మేడలో ఉండే ఒక పెద్దమనిషి కారులో వచ్చాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, కనుబొమలు చూసి ఊపిరి బిగబట్టాడు.

"దీన్నేం చేస్తావు?"

"ఏమీ చెయ్యనండీ! ముట్టుకోను కూడా. గాలి చొరని పెట్టెలో పెట్టి, వెలుతురు తగలకుండా బీరువాలో తాళం వేస్తాను. ఎవరికీ చూపించను."

ఇంతకంటే మంచి జవాబు ఆయన జన్మలో వినలేదు. రేపు పొద్దున వచ్చి తీసుకెళ్ళమని తల ఊపాడు. ఎందుకో మరి, వినాల్సిన జవాబు విన్నాక కూడా గుండెలో బరువు దిగలేదు.

ఆ పెద్దమనిషి కారు మలుపు తిరిగిందో లేదో నర్సు వచ్చింది. ఆమె రావడం అది మొదటిసారి కాదు. రాత్రి డ్యూటీ దిగి, బస్సు ఎక్కబోయే ముందు కొట్టు ముందు ఆగి అద్దంలోంచి ఆ పాపనే చూసేది. చెప్పులు అరిగి, కళ్ళ కింద నల్లచారలతో, ఎప్పుడూ ఒక పక్కకి వాలి నిలబడేది. ఆ పిల్లకి అబద్ధం చేతకాదు. మొదటిరోజే మొహం తుడిచేస్తానని చెప్పేసింది. ఆయన వీపు తిప్పేశాడు. అయినా మళ్ళీ వచ్చేది.

"తాతా, ఇవాళైనా ఇస్తావా?"

"తుడుస్తావా?"

"తుడుస్తాను."

ఆయన వీపు తిప్పాడు.

అప్పుడు తెర కదిలింది. ముసలామె గోడ పట్టుకుని కొట్టులోకి వచ్చింది. ఆమె కొట్టులోకి రావడం వరద తరవాత అదే మొదలు. దర్జీ మిషను తొక్కడం ఆపి తల బయటపెట్టాడు.

"తుడిచి ఏం మొహం వేస్తావే?" అంది ముసలామె.

నర్సు తడబడింది. "నవ్వకండి పిన్నిగారూ. అలిసిపోయిన మొహం వేస్తాను."

"ఏంటీ?"

"రెప్పలు సగం వాలిపోయి, నోరు కొంచెం తెరుచుకుని... డ్యూటీ దిగొచ్చిన మొహం. మా ఇంట్లో ఇలాంటిదే ఒక బొమ్మ ఉండేది. వార్డులో చచ్చీచెడీ ఇంటికొచ్చి తలుపు తీస్తానా, ఎదురుగా అది నన్ను చూసి ఇకిలిస్తూ ఉండేది. ఒళ్ళు మండిపోయేదండీ. నాతోపాటు అలిసిపోయేది ఒకటి ఉంటే బావుండుననిపించింది. దాన్ని తుడవబోతే పాడైంది. ఈ పాప నుదురు బావుంది. ఈ బొమలు ఉంచేసి, కిందంతా..."

"బొమలెందుకు ఉంచడం? అవీ తీసెయ్," అంది ముసలామె.

ముసలాయన ఇటు తిరిగాడు. "ఏమే!"

"ఏంటయ్యా?"

"అవి నీవే కదే."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. నిలబడే ఓపిక ఆమెకీ లేదు.

"బొమలు నావేంటి? చెయ్యి అటు పోయింది, పోయింది. సరిగ్గా గియ్యడం చేతకాలేదని తిట్లు తిన్న గీతలవి. నీకు ముద్దొచ్చాయేమో, వాటిని చూస్తే నాకు మేస్త్రీ గొంతు వినబడుతుంది. ఇంక ఆ నవ్వు... ఎదురుగా నమూనా తల ఒకటి పెట్టేవాళ్ళు. దాని నవ్వు ఎంతుంటే అంతే వెయ్యాలి. పిసరు తగ్గినా తుడిపించేవాళ్ళు. జ్వరమొచ్చిన రోజు అదే నవ్వు. అమ్మ పోయాక మళ్ళీ పనికొచ్చిన రోజూ అదే నవ్వు. రోజూ వేసి వేసి ఇంటికొచ్చి ఇక్కడ అరల నిండా అవే నవ్వులు. నేను తెర ఇవతలికి ఎందుకు రావట్లేదనుకున్నావు? కాళ్ళనొప్పులా?"

ఆయన అదే అనుకున్నాడు. కాళ్ళనొప్పులకి నూనె కూడా తెచ్చి పెట్టాడు.

దర్జీ మెల్లగా తల లోపలికి లాక్కున్నాడు.

"గట్టుమీదాయన తాళం వేసి దాస్తానన్నాడే," అన్నాడు ముసలాయన.

"విన్నాలే. గాలి చొరని పెట్టె! చచ్చినదాన్ని పెట్టినట్టు. ఎవరికీ చూపించడట. ఎవరూ చూడని మొహం ఉంటే ఎంత, వరదకి పోతే ఎంత?" ఆమె నర్సు వైపు తిరిగింది. "ఎలా తుడిచావే పాడవడానికి?"

"గోళ్ళరంగు తీసే మందు పోసి రుద్దానండీ."

"బుగ్గ కరిగిందా?"

"కరిగింది."

"కరగదూ మరి! పొయ్యకూడదు, రుద్దకూడదు. వేలికి గుడ్డ చుట్టి, మందు తడి చూపించి, గట్టిగా పిండెయ్యి. ముక్కు నుంచి చెవి వైపు ఒక్క లాగు. అంతే. మళ్ళీ వెనక్కి రాకు. గుడ్డ మార్చు. మళ్ళీ ఒక్క లాగు. తొందరపడ్డావో, మెరుపు పోతుంది. ఎన్ని తుడిచాననుకున్నావు? వేసిన వాటికంటే తుడిచినవే ఎక్కువ."

నర్సు గాల్లోనే వేలు లాగి చూసుకుంది. ముసలామె మొద్దుబారిన వేళ్ళతో ఆ పిల్ల మణికట్టు పట్టుకుని కొంచెం పక్కకి వంచింది. "ఇలా."

ఇద్దరూ ముసలాయన వైపు చూశారు. కొట్టు ఆయనది, ఇవ్వాల్సింది ఆయనే.

ఆయన అర దగ్గరికి వెళ్ళి పాపని తీశాడు. కనుబొమల మీద బొటనవేలు ఒకసారి ఆనించాడు. ఆయనకి అవి ఇప్పటికీ అందంగానే ఉన్నాయి. ఆమె ఏమన్నా సరే, అందంగానే ఉన్నాయి. అది ఆయన కళ్ళ గొడవ. ఆ గొడవ పాప మొహం మీద రుద్దడం న్యాయం కాదేమో అని ఆ క్షణాన మొదటిసారి అనిపించింది. కాగితం చుట్టాడు. దారం కట్టబోతే ముడి పడలేదు. ముడి నర్సే వేసుకుంది.

"అయ్యాక తెచ్చి చూపిస్తాను పిన్నిగారూ."

"నిద్రపోయి లేచి వెయ్యి. నిద్రమత్తులో వేస్తే మెల్లకన్ను వస్తుంది," అంది ముసలామె.

ఆ పూటంతా ముసలాయన ఖాళీ అర ముందు కూర్చున్నాడు. సాయంత్రం టీ ఇస్తూ ఒక్క మాట అడిగాడు.

"నీకు నచ్చినట్టు ఒక్కటైనా వేశావా?"

"వెయ్యనిచ్చిందెవరు?" అని, టీ ఊదుకుని తాగి, కాసేపటికి అంది: "ఆవలించే పాపని వెయ్యాలని ఉండేది. ఇప్పుడేముందిలే."

పొద్దున్నే గట్టుమీద పెద్దమనిషి కారు దిగాడు. అమ్మేశానని ముసలాయన చెప్పాడు. ఎవరికి, ఎందుకు, ఏం చేస్తారట అని ఆయన గుచ్చి గుచ్చి అడిగాడు. ముసలాయన వీపు తిప్పాడు. కారు వెళ్ళిపోయింది.

తరవాత ఆయన అటక మీంచి ఒక గోనెసంచి దింపాడు. వరద తగ్గాక ఫ్యాక్టరీ గేటు బయట బురదలోంచి ఏరుకొచ్చిన తలలవి. మొహం వెయ్యని బోడి తలలు. పారెయ్యబుద్ధి కాక ఉంచాడు. ఒకటి తీసి తోమి కడిగి, ఎండలో ఆరబెట్టాడు. దర్జీ దగ్గరికి వెళ్ళి పీలికలు అడిగాడు.

"దేనికి బావా?" అన్నాడు దర్జీ.

"ఇవ్వరా."

ఆ పీలికల్ని ఆమె పాత కుంచె కాడకి చుట్టాడు. ఒక పొర మీద ఇంకో పొర, మొద్దువేళ్ళకి కూడా పట్టు దొరికేంత లావుగా చుట్టి దారంతో బిగించాడు. తన పిడికిట్లో పట్టుకుని చూశాడు. జారలేదు. తెర పక్కకి లాగి కట్టేశాడు. కిటికీ దగ్గర ఆమె కూర్చునే చోట తలనీ, కుంచెనీ, రంగు గిన్నెనీ పెట్టాడు. గిన్నె ఎడమచేతి పక్కకి జరిపాడు.

ఆమె లేచి వచ్చి వాటిని చూసింది. ఆయన్ని చూసింది. ముసలాయన కొట్టు తలుపులు తెరవడానికి వెళ్ళిపోయాడు. ఏం చేస్తావని మాత్రం అడగలేదు.