కూడికలో తీసివేత

"అత్తా, పరుగుకు పోతాండా," అంది క్రిస్టినా, గడప దగ్గర వంగి బూటు లేసు బిగిస్తూ.

"పెరుగుకా? పోయిరా పో. గిన్నె తీస్కపో మల్ల. నిన్నటిది ఒకటే పులుపు, నోట్లో పెట్టలేకపోయినా," అంది రాహేలమ్మ కొళాయి కింద బిందె జరుపుతూ.

ఇందులో తప్పు ఎవరిదీ కాదు. రాహేలమ్మకు ఎడమ చెవి ఎప్పుడో మూతబడింది. కుడి చెవిలో కొళాయి హోరు. పకారానికి ఒక ఎత్వం ఎక్కువ తగిలింది, అంతే. దాన్ని దిద్దడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట కోడలి నోట్లోంచి రాలేదు. రాకపోగా, చదవని పిల్లకు పరీక్ష రోజున ఇవాళ బడికి సెలవని చెప్పినట్టు ప్రాణం తేలికపడింది. స్టీలు గిన్నె అందుకుని, "సరే అత్తా," అంది.

లేచి లేసు కట్టుకోవడానికే ఆమెకు నెలలు పట్టింది మరి. కర్నూలు డాక్టరు వేసవిలోనే చెప్పాడు, మోకాలు అతుక్కుంది, ఇంక మెల్లగా పరుగు మొదలుపెట్టొచ్చమ్మా అని. ఆ మాట కోసం అన్నాళ్ళూ మంచం మీద కళ్ళు కాయలు కాచేలా చూసింది. తీరా ఆయన అన్నాక, విననట్టు ఊరుకుంది. బూట్లు మంచం కింద ఉల్లిగడ్డల బుట్ట వెనక పడున్నాయి. రోజూ పొద్దున్నే చీపురుతో వాటిని ఒకసారి పలకరించి, మళ్ళీ లోపలికే తోసేది.

ఇవాళ ఎట్లాగో తొడుక్కుంది. బయటికి వచ్చింది. చేతిలో గిన్నె ఉంది. గిన్నెతో పరుగెత్తే మనిషిని డోన్ ఊరు ఎప్పుడూ చూడలేదు. కాబట్టి నడిచింది. రైల్వే గ్రౌండు పక్కనే ఈరక్క ఇల్లు. ఈరక్కకు రెండు బర్రెలు, వాటికంటే గట్టి గొంతు. పెరుగు వేయించుకుని, గ్రౌండు వైపు చూడకుండా తల తిప్పుకుని ఇంటికి వచ్చేసింది. పెరుగు బాగుందని ఇంట్లో అందరూ అన్నారు. మరునాడు అత్త తానే గిన్నె తెచ్చి చేతిలో పెట్టింది. ఆ మరునాడూ అంతే. తోడు పడిన పాలలా ఆ అబద్ధం రాత్రికి రాత్రే గడ్డకట్టింది.

ఒకప్పుడు క్రిస్టినా కడప జిల్లా పోటీల్లో స్కూలు తరఫున పరుగెత్తిన పిల్ల. పెళ్ళయ్యాక పరుగు ఆగలేదు గానీ చోటు మారింది. పొయ్యికీ, గిన్నెలు తోమే జాలాడికీ మధ్య, కుక్కరు విజిలుకీ మొగుడి కేకకీ మధ్య. ఆ పరుగుకు గీతలుండవు, గెలుపుండదు, చప్పట్లు అసలే ఉండవు. ఊళ్ళో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా, అంటే ఆటల టీచరుగా, చేరాక మళ్ళీ బూట్లు కొనుక్కుంది. తెల్లారుజామున రైల్వే గ్రౌండు చుట్టూ తిరిగేది. అక్కడ ఆమెను ఎవరూ పిలవరు. ఏమే అని గానీ, అమ్మా అని గానీ, మేడం అని గానీ. పిలుపు లేని ఆ కాసేపు ఊపిరి చప్పుడు తనకు తానే వినేది. గూడ్సు బండి పోతుంటే దానితో పాటు కంచె చివరి దాకా పోటీ పెట్టుకుని, ఓడిపోయి, ఒక్కతే నవ్వుకునేది.

భర్త యేసుప్రసాద్ లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగు చూస్తాడు. చెడ్డవాడని ఎవరూ అనరు. తాగడు, కొట్టడు, ఆదివారం తప్పకుండా గుడికి వస్తాడు. "పరుగు పరుగని నువ్వు బయటపడినావు, ఈడ మన పరువు బజారున పడతాంది," అని మాత్రం అనేవాడు. పరుగుకూ పరువుకూ ఒక్క అక్షరమే తేడా అని ఆయన కనిపెట్టినప్పటి నుంచి ఆ మాట ఆఫీసులో కూడా వాడుకున్నాడు. అందరూ నవ్వారట.

కాలు పోయింది ఆ గ్రౌండులో కాదు. ఇంట్లో. ఆయన స్నానానికి కాగిన నీళ్ళ బకెట్టు మోసుకుపోతూ జాలాడి బండ మీద జారింది. నీళ్ళు తన మీద పడకుండా బకెట్టును అవతలికి తోసింది, మోకాలు మెలిపడింది. లోపల ఏదో తెగిన చప్పుడు ఆమెకు మాత్రమే వినపడింది. స్నానాల గది తలుపు అవతల నుంచి, "నీళ్ళు ఒలికిపోయినాయా? ఇంగో బకెట్టు పెట్టు," అని ఆయన గొంతు వినపడింది. కర్నూలు ఆస్పత్రిలో డాక్టరు ఎట్లా తగిలిందని అడిగితే ఆయన అబద్ధం కూడా ఆడలేదు. "ఈమె రన్నింగు చేస్తాది సార్," అన్నాడు, అంతే. డాక్టరు తల ఊపి రాసుకున్నాడు. నొప్పికి పళ్ళు బిగపట్టుకున్న క్రిస్టినా నోరు ఆ పూట తెరుచుకోలేదు. తర్వాత ఎవరూ అడగలేదు. ఊళ్ళో, గుళ్ళో, స్కూల్లో ఒకటే మాట. పరుగెత్తి ఇరగ్గొట్టుకుందంట, ఈ వయసులో.

స్కూలు కరస్పాండెంటు సరదా మనిషి. "పీఈటీ అంటే పీట మీద కూర్చునే టీచరా మేడం?" అన్నాడు స్టాఫు రూములో. కుర్చీలో కూర్చుని విజిలు వేస్తే చాలు అని దయతలచి, దానితో పాటు మూడు తరగతుల అన్నం క్యారియర్ల లెక్క కూడా అప్పగించాడు. కూర్చునేవాళ్ళకు పని చెప్పడం సులువు గదా. డాక్టరు నేర్పిన కాలు వ్యాయామాలు ఇంట్లో చేయబోతే రాహేలమ్మ, "అట్ల గాల్లో కాలూపితే ఏమొస్తాది? అదే కాలితో కసువు ఊడిస్తే ఇల్లన్నా సుభ్రమయితాది," అంది.

ఇన్ని మాటలు వినీ వినీ కాలు బాగైంది. మనసు మాత్రం కాలు విరగ్గొట్టుకుని కూర్చుంది.

ఒకరోజు గిన్నెను ఈరక్క అరుగు మీద పెట్టి క్రిస్టినా గ్రౌండులోకి పోయింది. నడిచింది. నడక కాస్త ముదిరితే పరుగవుతుంది, పెద్ద విద్యేం కాదు. అడుగు వేయబోయింది. మోకాలు ఏమీ అనలేదు. నొప్పి లేదు. అయినా ఒంట్లో ఒక్క నరమూ ముందుకు రానంది. ఎందుకు అనే మాట ఒకటి అడ్డం వచ్చింది. ఎవరి కోసం? ఏం సాధించాలని? మళ్ళీ పడితే ఈసారి నిజంగానే పరుగెత్తి పడ్డట్టవుతుంది. వాళ్ళ మాట నిజం చేసిన పుణ్యం దక్కుతుంది. గూడ్సు బండి ఒకటి వచ్చింది, పోయింది. పెట్టెలన్నీ వరసగా ఆమెను దాటుకుని పోయాయి. ఆమె గోలుపోస్టు పట్టుకుని అట్లాగే నిలబడింది.

"ఏం మేడమూ, కాలు నొస్తాందా?" అని అరుగు మీద నుంచే కేకేసింది ఈరక్క.

"కాలు బాగనే ఉండాదక్కా. నాకే కాళ్ళు రాలే."

"అదేం మాట తల్లీ! కాళ్ళు బాగుండి రాకపోతే అది కాలి జబ్బు కాదు. రా, పెరుగన్నా తీస్కపో."

అదే నిజమనిపించింది. ఇంటికి వచ్చే దారంతా ఏడవాలనుకుంది. ఆ పరుగు మీదున్న ఇష్టం లాగే ఏడుపు కూడా రాలేదు.

రాహేలమ్మ మాత్రం మొక్కు మరిచిపోలేదు. కోడలి కాలు బాగైతే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టిస్తానని ఆస్పత్రి మంచం దగ్గరే మొక్కుకుంది. ప్రార్థన ఉంటుంది, పాటలుంటాయి, బాగైన మనిషి లేచి సాక్ష్యం చెబుతుంది, ఆ తర్వాత అందరికీ భోజనం. సాక్ష్యంలో అన్న మాట అంటే అన్నట్టే. సంఘం ఆమేన్ అన్నాక దాన్ని వెనక్కి తీసుకున్నవాళ్ళు ఆ పేటలో లేరు.

"సాక్ష్యంలో ఒక ముక్క చేర్చు," అన్నాడు యేసుప్రసాద్ ముందురోజు సాయంత్రం. "ఇంగ పరుగులు మానుకున్నానని. అమ్మ అట్లనే మొక్కుకుండాది. ఎట్లాగూ పోవడంల్యా గదా."

ఆయన అన్నదాంట్లో క్రిస్టినాను కలవరపెట్టింది బలవంతం కాదు. ఆ మాటలోని సుఖం. నిజమే గదా, ఎట్లాగూ పోవడం లేదు. పదిమందిలో ఒక్కసారి అనేస్తే చాలు. రేపటి నుంచి మంచం కింద బూట్లు తన వైపు చూడవు. గోలుపోస్టు దగ్గర తల వంచుకునే పనుండదు. ఓడిపోయానని ఎవరూ అనరు, దేవుడికి ఇచ్చేసిందని అంటారు. చేతగానితనానికి ఇంతకంటే మంచి బట్ట కట్టడం ఎవరి తరం? ఉల్లిగడ్డలు తరుగుతూ ఆ వాక్యాన్ని మనసులో తయారు చేసుకుంది. రెండుసార్లు పలికి చూసుకుంది. నున్నగా ఉంది, ఎక్కడా గుచ్చుకోలేదు.

కూడిక రోజు పొద్దున్నుంచి పలావు, కోడికూర, పెరుగు పచ్చడి. తన కాలు బాగైనందుకు తన కాలి మీదే నిలబడి అందరికీ వండింది. కూడిక అంటే లెక్కల్లో కలపడం. ఆ ఇంటి కూడికల్లో ఆమెకు ఎప్పుడూ తీసివేతే. మధ్యాహ్నానికి మోకాలు ఉబ్బింది. గోడ పట్టుకుని నడుస్తుంటే యేసుప్రసాద్ చూశాడు.

"ఏమే, కాలు బాగైందని కూడిక పెట్టుకోని నువ్వే కుంటుతాంటే జనం ఏమనుకుంటారు? అయ్యగారొచ్చేటప్పటికన్నా సక్కగా నడువు."

ఆమె సక్కగా నడిచింది.

సాయంత్రం పాస్టరు నెహెమ్యా అయ్యగారు వచ్చారు. ఇంటి ముందు పందిరి కింద చాపలు నిండాయి. ఈరక్క కూడా పెరుగు క్యాను దింపి ఒక మూల కూర్చుంది. పాటలయ్యాక రాహేలమ్మ లేచింది. చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ కన్నీళ్ళు దొంగవి కావు.

"పరుగులు పెట్టి కాలిరగ్గొట్టుకున్న నా కోడల్ని దేవుడు లేపి నిలబెట్టినాడు. మునుపటి మాదిరే పొద్దున్నే లేసి నా కొడుక్కు నీళ్ళు కాంచి, బకెట్టు తనే ఎత్తుకొని పోతాంది. పెరుగు తెస్తాంది. ఇంతకన్నా ఏం కావల్ల నాకు?"

"ఆమేన్," అంది సంఘం.

బకెట్టు అన్న మాట దగ్గర క్రిస్టినా లోపల ఏదో పుటుక్కుమంది. జాలాడి బండ మీద విన్న చప్పుడే అది. ఏ బకెట్టు తన కాలు విరిచిందో, అదే బకెట్టు తను బాగైనందుకు సాక్ష్యం. మోసే కాలు బాగైంది. పరుగెత్తే కాలు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే.

"అమ్మా క్రిస్టినా, నీ సాక్ష్యం," అన్నారు అయ్యగారు.

ఆమె లేచింది. తయారు చేసుకున్న నున్నటి వాక్యం నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"నా కాలు ఇరిగింది పరుగెత్తి కాదు," అంది. "జాలాడి దగ్గర. ఆయన నీళ్ళ బకెట్టు మోస్తా జారిపడ్న్యా. అదే బకెట్టు ఇప్పుడూ మోస్తాండా. అది బాగుపడినట్టయితే, బాగుపడ్న్యా. ఇప్పుడు కాలు ఉబ్బి ఉండాది. ఈ వంటంతా నిలబడి చేసింది ఈ కాలితోనే."

యేసుప్రసాద్ చాప అంచు పీకుతున్నాడు.

"పరుగు మానుకున్నానని సెప్పమన్నారు. సెప్పాలనే లేసినా. శానా రోజులుగా నాకు పరుగెత్తాలని లేదు. గ్రౌండు దాకా పోయి ఉత్త చేతులతో వస్తాండా. కాదు, పెరుగుతో వస్తాండా." ఆమె అత్త వైపు తిరిగి, కుడి చెవికి వినపడేట్టు గొంతు పెంచింది. "అత్తా, ఆ పొద్దు నేను పెరుగుకు పోతాండానని అనలేదు. పరుగుకు అన్న్యా. నీకు పెరుగని ఇనపడింది. నేను దిద్దలేదు. దిద్దితే పరుగెత్తాల్సి వస్తాదని భయపడ్న్యా."

ముందు ఈరక్క నవ్వింది, ఆపుకోలేక. ఆ నవ్వు చాపల మీదుగా పాకింది. "ఓసి నా తల్లీ, పరుగా!" అని రాహేలమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అయ్యగారు కూడా పెదవులు బిగపట్టుకున్నారు. క్రిస్టినా నవ్వలేదు. నవ్వు తగ్గేదాకా గోడకు ఆనుకుని, ఉబ్బిన కాలి మీద బరువు తీసేసి నిలబడింది.

"నీ తప్పేం లేదత్తా," అంది చివరికి. "రేపు పొద్దున నాకు పరుగెత్తబుద్ధి అవుతాదో లేదో నాకే తెలీదు. అవకపోతే గ్రౌండులో కూచోని వస్తా. పెరుగుకు మాత్రం నీ కొడుకును పంపియ్యి."