ఇంటికి తగ్గ కుక్క

"నాన్న ఒప్పుకున్నాడు దుర్గా!" అంటూ నాగవంశీ వంటింట్లోకి దూసుకొచ్చేసరికి లక్ష్మీదుర్గ దోసెలపిండి కలుపుతోంది. ఆ చేతులతోనే అతని భుజాలు పట్టుకుని గెంతింది. పెళ్ళై మూడు నెలలైనా కాలేదు, అప్పుడే ఇంటికో కుక్క! అవనిగడ్డలో చిన్నప్పుడు అమ్మని అడిగీ అడిగీ ఊరుకున్న కోరిక, పెడనలో అత్తారింట్లో తీరబోతోంది. అతని చొక్కా మీద పడ్డ పిండి వేళ్ళు చూసి, "మీ కలంకారీ షెడ్డులో అద్దకం కంటే నాదే బాగా పడింది," అని విరగబడి నవ్వింది.

భోజనాల దగ్గర అందరివీ కుక్క మాటలే. వంశీకి లాబ్రడార్ పిల్ల కావాలి. మావయ్య శోభనాద్రికి వీధంతా జడుసుకునే జర్మన్ షెపర్డ్ కావాలి. అత్తయ్య కోటేశ్వరమ్మకి బొచ్చుతో ముద్దొచ్చే బుజ్జిది చాలు.

"మరి గుడ్డల సంగతి?" అంది దుర్గ, కూర వడ్డిస్తూ. కలంకారీ అద్దే ముందు గుడ్డని కరక్కాయ రసంలో, గేదెపాలలో తడిపి పెరట్లో ఆరేస్తారు. ఆ పాలవాసనకి ఏ కుక్కైనా ఊరుకుంటుందా? పీకి పీలికలు చెయ్యదూ?

"నువ్వున్నావుగా చూసుకోడానికి," అన్నాడు వంశీ.

"బందరు కాలేజీకి నువ్వు కాకపోతే ఇంకో లెక్చరరు దొరుకుతుంది అమ్మాయ్. కుక్క దగ్గర మాత్రం మనిషుండాలిగా," అన్నాడు మావయ్య.

"ఆ బస్సుల్లో పడి నలగడమూ తప్పుతుంది," అంది అత్తయ్య ప్రేమగానే.

ప్రేమగానే! ఎవరూ కసరలేదు, ఎవరూ మానెయ్యమని శాసించలేదు. ఎత్తూ బొచ్చూ జాతీ అన్నీ ఎంచారు గానీ, దాని అన్నం, స్నానం, పెంట ఎత్తడం ఎవరి వంతో మాత్రం అడక్కుండానే తేలిపోయింది. మైక్రోస్కోపులో మొదటిసారి ఆకు చూసి "మేడమ్!" అని కేకపెట్టే తన పిల్లలు ఇంత తేలిగ్గా పక్కకి జరిగిపోయారా? ఏడుపు రావాలి నిజానికి. దుర్గకి మాత్రం నవ్వొచ్చింది. కుక్కా కావాలి, కాలేజీ కావాలి. రెండూ తనకి పట్టరానంత ఇష్టం. ఒకటి వదులుకోవడానికి తనకేం ఖర్మ?

గరిటె గిన్నెలో వదిలేసి, కంచం తెచ్చుకుని వాళ్ళ మధ్యే కూర్చుంది.

"రేపు కుక్క వచ్చేసిందనుకుని నడిపి చూద్దాం," అంది హుషారుగా, వంశీ వైపు తిరిగి. "తెల్లారగానే మీరు దాన్ని కాలవ దాకా తిప్పుకొస్తారండీ. గుడ్డలు ఆరేదాకా మావయ్యగారు కదలకుండా కాపలా. అత్తయ్యకి ఉన్న పని చాలు. రాత్రి అన్నం కలపడం నా వంతు."

"లేని కుక్కని తిప్పడమేంటి? ఊరు నవ్వదూ?" అన్నాడు వంశీ.

ఊరి కంటే ముందు కోటేశ్వరమ్మే నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"నవ్వనివ్వండి. నేను మాత్రం రోజూలాగే బస్సెక్కుతా. సాయంత్రం వచ్చి, ఎవరికెంత ఓపిక మిగిలిందో చూస్తా. ఆ ఓపికకి తగ్గ కుక్కనే తెచ్చుకుందాం."