సీటు ఎత్తు

ఆ దర్జీ దగ్గర పంతొమ్మిది పాత సైకిళ్ళు ఉండేవి. ప్యాంట్లు కుట్టడంలో చెయ్యి తిరిగినవాడు కాబట్టి వీధిలో అందరూ ఆయన్ని ప్యాంట్ల మాస్టారనేవారు. ఇంట్లో కింద ముందు భాగం కొట్టు, దాని వెనక పెద్ద గది నిండా సైకిళ్ళు. కాపురం మేడ మీద. ఎక్కడ పాత సైకిలు తుప్పు పట్టి కనిపించినా తెచ్చుకుని, తుడిచి, నూనె పోసి, సీటు తన కాలికి సరిపోయేలా బిగించి వరసలో నిలబెట్టేవాడు. ముప్ఫై ఏళ్ళుగా అదే పిచ్చి.

ఆ ఏడాది ఆయన భార్యకు మోకాలు పట్టేసింది. మెట్లెక్కితే ఇక నడవలేవని డాక్టరు చెప్పాడు.

"సైకిళ్ళు తీసేయమని నేననట్లేదు. మంచం పట్టేంత చోటు చూడండి చాలు," అందామె.

"మంచం పట్టాలంటే పద్నాలుగు పోవాలి."

"ఆ మాట మీరన్నారు, నేను కాదు."

ఏవి ఉంచుకోవాలో, ఏవి ఇచ్చేయాలో తేల్చుకోవడానికి ఆయనకు రెండు వారాలు పట్టింది. ఇచ్చేసేవాటి హ్యాండిలుకు ఎర్రగుడ్డ పీలిక కట్టేవాడు. సాయంత్రానికి మనసొప్పక విప్పేవాడు. మెట్ల మీద కూర్చుని చూస్తున్న భార్య, "నన్ను చేసుకునేటప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు మీరు," అని నవ్వింది. చివరికి ఐదు మిగుల్చుకుని పద్నాలుగింటికి పీలికలు కట్టాడు. తను మొట్టమొదట కొనుక్కున్న ఆకుపచ్చ సైకిలు ఆ ఐదింటిలో ఒకటి.

మర్నాడు పొద్దున్న గది తలుపు తీస్తే, పీలిక కట్టినవాటిలో ఒక సైకిలు సీటు బాగా కిందికి దిగి ఉంది. నట్టు సడలిందేమోనని పట్టుకుని ఊపాడు. కదల్లేదు. ఎవరో పానా పెట్టి గట్టిగా బిగించారు. ఎడమ పెడల్ మీద ముప్పావు అంగుళం మందాన గుడ్డ చుట్టి కుట్టి ఉంది. ఆ గుడ్డ తన కొట్టులోదే. కుట్టు మాత్రం తనది కాదు. అంత సన్నటి కుట్టు ఆయన జన్మలో వేయలేదు.

"నువ్వేమైనా ముట్టుకున్నావా?" అని భార్యను అడిగాడు.

"మెట్లు దిగడానికే అరగంట పడుతోంది నాకు. పానా ఎక్కడుంటుందో కూడా తెలియదు."

అలవాటు కొద్దీ టేపు తీసి సీటు నుంచి పెడల్ దాకా కొలిచాడు. పొట్టి మనిషి, ఎడమ కాలు ముప్పావు అంగుళం తక్కువ. అలాంటి కొలత తను ఎవరికైనా తీశాడా అని పాత పుస్తకాలన్నీ తిరగేశాడు. ఎక్కడా లేదు.

మూడో రోజు మధ్యాహ్నం లైబ్రరీలో పనిచేసే ఒకావిడ కొత్తగా కొట్టుకు వచ్చింది. రెండు ప్యాంట్లు పొడవు తగ్గించాలంది.

"ఎడమది ఇంకొంచెం ఎక్కువ తగ్గించండి మాస్టారూ. నా కాళ్ళు రెండూ ఒక్కలా ఉండవు."

మాస్టారి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. కొలిచాడు. ముప్పావు అంగుళం.

తెరిచి ఉన్న తలుపులోంచి ఆవిడకు ఆ సైకిలు కనిపించింది. అడక్కుండానే లోపలికి వెళ్ళి ఎక్కి కూర్చుంది. రెండు పాదాలూ పెడళ్ళ మీద అచ్చంగా కుదిరాయి.

"నాకోసమే చేసినట్టుందే. ఇస్తారా?" అంది.

ఎలాగూ ఇచ్చేయాల్సిందే కదా. ఇచ్చాడు. ఆవిడ వీధి మలుపు దాకా తొక్కుకుంటూ వెళ్ళడం గుమ్మంలో నిలబడి చూశాడు. ప్యాంట్లు తయారై వారం దాటినా ఆవిడ రాలేదు. ఈలోగా మరో సైకిలు సీటు పైకి లేచింది, కడ్డీ దాదాపు ఊడివచ్చేంత ఎత్తుకు. అది చూడగానే ఆయనకు ఒక మనిషి గుర్తొచ్చాడు. ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసే అతన్ని ఆ పొడవుకి వీధిలో అంతా నిచ్చెన అనేవారు. రెండు రోజులకు నిచ్చెన మీటరు చూడ్డానికి వచ్చి, సైకిలెక్కి, "ఇన్నాళ్ళకి మోకాళ్ళు హ్యాండిలుకి తగలని సైకిలు దొరికింది మాస్టారూ," అని నవ్వుకుంటూ దాని మీదే వెళ్ళిపోయాడు.

తర్వాతి నెల మీటరు చూడ్డానికి వేరే మనిషి వచ్చాడు.

"నిచ్చెన రాలేదేం?" అని అడిగాడు మాస్టారు.

"ఉద్యోగానికే రావట్లేదండీ. పొద్దున్న సైకిలు మీద బయల్దేరాడట, అంతే. ఇంట్లోవాళ్ళు వెతకని చోటు లేదు. మనిషీ లేడు, సైకిలూ లేదు."

మాస్టారు కొట్టు మూసి లైబ్రరీకి వెళ్ళాడు. ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది. పక్క సీటాయన చెప్పిన మాటలూ అవే.

ఇంటికొచ్చి గదికి తాళం వేశాడు. ఎవరొచ్చి అడిగినా సైకిళ్ళు ఇవ్వనన్నాడు. కిటికీలోంచి చూస్తే, మిగిలిన వాటిలో రోజుకొకటి చొప్పున సీట్లు పైకో కిందికో జరుగుతూనే ఉన్నాయి. రోడ్డు మీద పోయే మనుషుల కాళ్ళ వంక చూడాలంటే ఆయనకు భయం పట్టుకుంది. భార్యకు ఏమీ చెప్పలేదు. మంచం సంగతి ఆమె అడిగితే, "చూస్తున్నాగా," అని తప్పించుకునేవాడు.

ఒక ఆదివారం ఆకుపచ్చ సైకిలు సీటు దిగి ఉంది. దానికి పీలిక కట్టలేదు. అది ఎవరికీ ఇచ్చేది కాదు. ఈసారి టేపు తీయాల్సిన పని పడలేదు. నలభై ఏళ్ళుగా ఆ కాళ్ళ పొడవుకి లంగాలన్నీ తనే కుడుతున్నాడు. చూపుతోనే తెలిసిపోయింది.

నట్టు విప్పి సీటు తన ఎత్తుకు లేపి బిగించాడు. పానా జేబులో వేసుకుని తిరిగాడు. సోమవారం పొద్దున్నకి సీటు మళ్ళీ కిందికే ఉంది. ఇక లాభం లేదు, అన్నిటినీ విప్పేయాల్సిందే అనుకున్నాడు. పెద్ద పానా అడిగి తేవడానికి పక్క వీధికి పరుగెత్తాడు. ఆ తొందరలో గదికి తాళం వేయడం మరిచిపోయాడు.

తిరిగి వచ్చేసరికి, ఎప్పుడు మెట్లు దిగిందో, భార్య ఆకుపచ్చ సైకిలు మీద ఉంది. జన్మలో సైకిలెక్కని మనిషి నిటారుగా కూర్చుని, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, పాదాలు పెడళ్ళ మీద పెట్టింది. సైకిలు స్టాండు మీద లేదు. అయినా పక్కకు ఒరగడం లేదు. ముందు చక్రం గుమ్మం వైపు తిరిగి ఉంది.

మాస్టారు పానా పారేసి రెండు చేతులతో క్యారియర్ పట్టుకున్నాడు.

"దిగు."

"ఒక్క నిమిషం ఉండండి. నొప్పి లేదు. మోకాలు ఉందన్న సంగతే తెలియట్లేదు."

"దిగమంటున్నానా."

"అలా వీధి చివరిదాకా వెళ్ళొస్తాను."

సైకిలు లాగింది. తాడు కట్టిన పశువు లాగినంత బలంగా లాగింది. ఆయన కాళ్ళు గచ్చు మీద జారుతున్నాయి. ఆమె పెడల్ తొక్కడం లేదు, ఊరికే కూర్చుని ఉంది.

"నువ్వు లేకపోతే నాకెవరున్నారే," అన్నాడాయన. పెళ్ళాంతో అలాంటి మాట ఆయన ఎప్పుడూ అనలేదు.

ఆమె వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. తర్వాత ఒక కాలు కింద పెట్టింది. పెట్టగానే నొప్పికి అరిచి కూలబడింది. సైకిలు పక్కకు పడిపోయింది.

"ఎందుకు పట్టుకున్నారు?" అని అడిగింది ఏడుస్తూ. ఆ తర్వాత నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ నాలుగు రోజుల్లో మాస్టారు పదిహేడు సైకిళ్ళనూ విప్పేశాడు. సీట్లు ఒకచోట, చక్రాలు ఒకచోట, ఫ్రేములు ఒకచోట వేశాడు. పాత ఇనుము కొనేవాళ్ళు ముగ్గుర్ని వేరువేరు రోజుల్లో పిలిచి, ఏ సైకిలు భాగాలూ ఒకే బండి ఎక్కకుండా దగ్గరుండి పంపించాడు. ఆకుపచ్చ సైకిలు విప్పేటప్పుడు ఆయనకు కళ్ళనీళ్ళు ఆగలేదు. అయినా చెయ్యి ఆపలేదు.

గది కడిగి మంచం దింపించాడు. ఆమె కోపం కూడా మెల్లగా తగ్గింది. కొట్టులోంచి మంచం కనబడేలా మిషను జరుపుకున్నాడు. ఇద్దరూ కబుర్లు చెప్పుకునేవారు. అంతా సర్దుకుందనే అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం భోజనమయ్యాక ఆమె నిద్రపోయింది. ఆయన ప్యాంటు అంచు మడుస్తూ తల ఎత్తాడు. దుప్పటి కింద ఆమె కుడి మోకాలు లేచి దిగింది. తర్వాత ఎడమది, ఆరు నెలలుగా వంగనిది, అంతే తేలిగ్గా లేచి దిగింది. మళ్ళీ కుడిది. కాళ్ళు తీరిగ్గా, ఒకే వేగంతో తిరుగుతున్నాయి. ఆమె ముఖం ప్రశాంతంగా ఉంది. గదిలో ఫ్యాను తిరగడం లేదు. చెంపల మీది వెంట్రుకలు మాత్రం వెనక్కి ఎగురుతున్నాయి.

మాస్టారు ప్యాంటు పక్కన పెట్టాడు. లేచి, చప్పుడు కాకుండా వీధి తలుపు గడియ పెట్టి, వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.