ఖైసర్ బేగం అమానత్

పదకొండు గంటల పది నిమిషాలకి డిస్కు చచ్చిపోయింది.

ముందు ఇనుప గరిటెతో పెనం గీకినట్టు ఒక చప్పుడు. తర్వాత నిశ్శబ్దం. ఆపరేటర్ నాగమణి కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది.

"సార్, మందుల కంపెనీ జాబితా దాంట్లోనే ఉంది!"

గోపాలకృష్ణమూర్తి కంగారుపడలేదు. నిజం చెప్పాలంటే లోలోపల కాస్త సంబరపడ్డాడు కూడా. సైదాబాద్‌లోని ఆ కంప్యూటర్ సర్వీసు కేంద్రానికి ఆయన మేనేజరు. సొంతంగా కంప్యూటర్ కొనలేని వ్యాపారులు తమ జాబితాలు అక్కడ ఎక్కించుకుని, కావలసినప్పుడు అచ్చు వేయించుకుంటారు. ఎప్పుడైనా మిషన్ మొరాయిస్తే ఏం చెయ్యాలో మూర్తి ఏడాదిపాటు కూర్చుని నలభై పేజీల పుస్తకం రాశాడు. దాని పేరు ఆపద ప్రణాళిక. రాసినప్పటినుంచి ఆపద కోసం ఎదురుచూస్తున్నాడు.

ఇప్పుడు వచ్చింది. అదీ చిన్నది కాదు. యునానీ మందుల కంపెనీ యజమాని గులాం రసూల్ సాయంత్రం అయిదింటికి వస్తాడు. పద్దెనిమిది వందల దుకాణాలకు ఏ మందు ఎన్ని సీసాలు వెళ్ళాలో చెప్పే జాబితా ఆయన చేతిలో పెట్టాలి. ఆరింటికి లారీలు కదులుతాయి. కిందటి నెల ఒకరోజు ఆలస్యమైతే ఆయన అరవలేదు. "ఇంకోసారి గిట్లయితే నా కాగితాలు నాకిచ్చెయ్యుండ్రి, మూర్తి సాబ్" అన్నాడంతే. ఆయన పోతే కేంద్రానికి తాళమే. మూర్తికి సొంతూరు భీమవరం బస్సే.

మూర్తి పద్నాలుగో పేజీ తీసి గొంతు సవరించుకున్నాడు.

"డిస్కులో ఉన్నదంతా ప్రతి శనివారం టేపుల మీదికి నకలు తీయాలి. ఆ టేపులను కేంద్రానికి దూరంగా, పొడిచోట, తాళంలో ఉంచాలి. కేంద్రం ముద్ర ఉన్న చీటీ చూపించి మూడో నంబరు వ్యక్తి తెచ్చుకోవాలి. ఈ ప్రణాళిక ఏ ఒక్క మనిషి మీదా ఆధారపడరాదు."

ఆఖరి వాక్యం కింద రెండు గీతలున్నాయి.

"మూడో నంబరు అంటే వైకుంఠమే కద సార్?" అంది నాగమణి. "నిన్ననే మానేసిండు."

ఆ గొడవ కూడా ఈ పేజీ దగ్గరే. ప్రణాళికలో మనుషులకు పేర్లు లేవు, నంబర్లే. "నా పేరు రాయుండ్రి సార్, మూడో నంబరు ఏంది?" అన్నాడు వైకుంఠం. "రేపు నువ్వు లేకపోయినా నడవాలోయ్!" అన్నాడు మూర్తి. "గట్లనా? అయితే ఇయ్యాల్టి నుంచే నడిపించుకోండ్రి" అని వైకుంఠం సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

"వాడు లేకపోతేనేం? చీటీ ఉంది" అన్నాడు మూర్తి. చీటీతో పాటు ప్రణాళికనూ చంకన పెట్టుకుని ఆటో ఎక్కాడు.

టేపుల పెట్టె బార్కస్‌లో ఖైసర్ బేగం ఇంట్లో, ఇనుప ట్రంకులో ఉంది. చదువుకునే రోజుల్లో వైకుంఠం ఆవిడ ఇంట్లోనే అద్దెకుండేవాడు; ఆవిడని ఖాలా, అంటే పిన్నీ, అని పిలుస్తాడు. మూర్తి గుమ్మం దగ్గర నిలబడి, తెర కిందుగా చీటీ లోపలికి జరిపాడు. చీటీ వెనక్కొచ్చింది. దాని వెంట ఒక గ్లాసు షర్బత్.

"అది వైకుంఠం పెట్టిన అమానత్, బేటా" అంది తెర వెనక గొంతు. "నమ్మి దాచమన్నడు. ఎవరు పెట్టిండ్రో వాళ్ళ చేతిలనే పెడ్త."

"నేను వైకుంఠానికి మేనేజర్నండీ."

"మాలూమ్. ఆఫీసుల ఎవరెన్నిసార్లు చాయ్ తాగిండ్రో రాసుకునేది నువ్వే కద?"

మూర్తి షర్బత్ మింగలేక మింగాడు. "ముద్ర చూడండమ్మా!"

"ముద్రలు బజార్ల గంటల చేసిస్తరు."

"అందులో ఉన్నవన్నీ మావేనండీ!"

"కావచ్చు. నాకు పైలంగ పెట్టమన్నది నువ్వు కాదు కద."

"పోనీ, ఇల్లు అంటుకుంటే ఏం చేస్తారు?"

"మొదలు పెట్టె బైట పడేస్త. ఎన్క నేనొస్త. అప్పుడు నువ్వడిగినా ఇయ్య."

ఇంత గట్టి కాపలా కావాలని పన్నెండో పేజీలో రాసింది మూర్తే. ఇప్పుడు ఆ కాపలాని ఏం చేసుకోవాలో తోచలేదు. గడియారం పన్నెండున్నర.

ఆటో యాకుత్‌పురా వైపు తిరిగింది. రైల్వే గేటు పడి ఉంది. గూడ్సు బండి ఎంత పొడవుంటుందో మూర్తికి ఆరోజే తెలిసింది. వైకుంఠం ఇంటి అరుగు మీద రేడియో విప్పుకుని కూర్చున్నాడు.

"రాండ్రి సార్! ప్రణాళిక నడుస్తుందా?"

"నడుస్తోంది. కొంచెం కుంటుతోంది."

"ఖాలా షర్బత్ ఇచ్చిందా?"

"ఇచ్చింది."

"పెట్టె?"

మూర్తి చంకలో ప్రణాళిక సర్దుకున్నాడు. వైకుంఠం కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"రెండున్నరకి టేపు మిషనెక్కకపోతే జాబితా అందదయ్యా. రా, ఆటో ఎక్కు!"

"నేనెందుకు సార్? మూడో నంబరాయన్ని పిల్వుండ్రి."

మూర్తి ఆటో సీటు మీదే పుస్తకం తెరిచాడు. మూడో నంబరు కొట్టేసి 'వైకుంఠం' అని రాశాడు. వైకుంఠం మెడ సాచి చూశాడు.

"మంచిగుంది. కింద రెండు గీతలున్న ముక్క గూడ..."

మూర్తి పళ్ళు నూరుతూ అదీ కొట్టేశాడు.

"ఇగ నడువుండ్రి. ఏమన్న తిన్నరా సార్?"

"ఎక్కవయ్యా బాబూ!"

బార్కస్‌లో వైకుంఠం "ఖాలా" అని పిలవగానే పెట్టె బయటికొచ్చింది. రెండు ఇరవై అయిదుకి, విడిగా దాచి ఉంచిన కొత్త డిస్కు బిగించి టేపు ఎక్కించారు. నాలుగుంబావుకి ప్రింటర్ టకటకలాడింది. ఆఖరి కాగితం చించేసరికి గులాం రసూల్ గుమ్మంలో ఉన్నాడు. ఆయన జాబితా తిరగేసి, నాగమణి నీరసం చూసి, ఏమైందని అడిగాడు. మూర్తి దాచలేదు. షర్బత్‌తో సహా చెప్పేశాడు.

"ముద్ర చూపెట్టినా మీకే ఇయ్యలేదా?"

"ఇవ్వలేదండి."

"అచ్ఛా! అంటే నా సరుకు సంగతి ఎవ్వరికీ దొరకదన్నట్టు. ఫికర్ జెయ్యకుండ్రి. నా కాగితాలు ఈడనే ఉంటయి."

ఆ శనివారం మూర్తి తెలివిగా తనూ వెళ్ళాడు. పెట్టెను ఒకవైపు ఆయన, ఒకవైపు వైకుంఠం పట్టుకుని తెర కిందికి జరిపారు.

"ఇకనుంచి మా ఇద్దర్లో ఎవరొచ్చినా ఇవ్వండమ్మా."

"గదెట్ల? ఇద్దరు పెట్టిండ్రు. ఇద్దరొస్తెనే ఇస్త."

"ఒకరికి జ్వరమొస్తే?"

"తగ్గినంక రాండ్రి."

"మేం పోట్లాడుకుంటే?"

"సుల్హా చేసుకోని రాండ్రి."

ఇద్దరూ బయటికొచ్చారు. వైకుంఠం సైకిల్ సీటు తుడుస్తూ అన్నాడు:

"సార్, సోమవారం లీవు అడుగుదామనుకుంటున్న."

"ఊరెళ్తావా ఏంటి?" మూర్తి సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఎటు పోను సార్. ఇంట్లనే ఉంట."

"తీసుకో నాయనా, తీసుకో" అన్నాడు మూర్తి గబగబా.