ఎర్రదారం కుట్టిన నెట్టు

మణెమ్మ ఒక కాలు చాపుకుని, చినిగిన బస్తాను ఒళ్లోకి లాక్కుని కుడుతోంది. ముప్పై ఏళ్లుగా దబ్బనం గుచ్చుకుని ఎడమ బొటనవేలి గోరు నిలువునా చీలి ఉంది. మిర్యాలగూడ బియ్యం మిల్లులో ఆ గోదాం మూలే ఆమె చోటు. హమాలీ భర్త వెంట వచ్చింది. ఆయన పోయాక కూడా వస్తూనే ఉంది.

కుట్టు మధ్యలో లేచి, వరుస మీద వరుసగా పేర్చిన బస్తాల నెట్ల సందుల్లో మోచేతి దాకా చెయ్యి దూర్చేది. లోపల ధాన్యం తేమకు కాగుతుంటే అరచేతికి తెలిసేది. ఆ నెట్టుకు ఎర్రదారం కుట్టేది. అది చూసి హమాలీలు దాన్నే ముందు మర పట్టడానికి ఎత్తేవాళ్లు. ఈ సంగతి సేట్లు ఎన్నడూ అడగలేదు.

ఆ ఉదయం కోదాడ నుంచి ఉదయ్ అనే అతను గోదాం సాఫ్ట్‌వేర్ చూపించడానికి వచ్చాడు. సూర్యాపేట వాళ్లు అప్పటికే రెండు చూపించి వెళ్లారు. ఏది కొనాలో చిన్న సేటు విష్ణువర్ధన్‌కు తేలడం లేదు. నెట్టుకు అంటించిన చీటీకి ఫోను చూపితే చాలు, ఏ ఊరి ధాన్యం, ఏనాడు వచ్చింది, తేమ ఎంత, అన్నీ తెర మీదికి వచ్చాయి. ముందొచ్చిన గరిడేపల్లి ధాన్యం ఎత్తమంది తెర.

మణెమ్మ చెయ్యి అప్పటికే గోడ పక్కనున్న త్రిపురారం ధాన్యం నెట్టులో ఉంది.

"చిన్న సేటూ, గిది కాగుతున్నది. ఇయ్యాల ఎత్తకుంటే ముక్కిపోతది."

"అది మొన్ననే వచ్చిందమ్మా," అన్నాడు ఉదయ్. "ముందొచ్చింది ముందు వెళ్లాలి, పద్ధతి అదేనండి."

"నిజమే బిడ్డా. ముందు కాగింది ఇంకా ముందు పోవాలె. గా గోడకు వాన చెమ్మ దిగుతది. నీ ఫోన్ల గోడ ఉన్నదా?"

హమాలీలు నవ్వారు. విష్ణువర్ధన్ నవ్వలేదు కానీ, ఇవాళ్టికి తెర చెప్పినట్టే ఎత్తమన్నాడు.

మణెమ్మ దబ్బనానికి ఎర్రదారం ఎక్కించుకుని, త్రిపురారం నెట్టు కింది వరుసలో ఒక్కో బస్తాకూ కుడుతూ గోడవైపు సందులోకి పోయింది. మధ్యాహ్నం అన్నం గిన్నె మూత తియ్యలేదు.

సాయంత్రం ఆ దారం ఏమిటని విష్ణువర్ధన్ హమాలీ శంకరయ్యను అడిగాడు. అతను చెప్పాడు. విష్ణువర్ధన్ చొక్కా చెయ్యి మడిచి సందులో దూర్చాడు. వేడి అరచేతికి తగిలింది.

"చెయ్యి పెట్టి సూసింది రాసుకునే జాగా దీంట్ల ఉన్నదా?" అని ఇంకా అక్కడే ఉన్న ఉదయ్‌ను అడిగాడు.

లేదన్నాడు ఉదయ్.

"అది పెట్టి తీసుకరా, అప్పుడు కొంట. శంకరయ్యా, ఈ నెట్టు ఎత్తుండ్రి."

బస్తాలు దిగుతుంటే గోడవైపు మణెమ్మ కనిపించింది. ఒక కాలు చాపుకుని, చెంప బస్తాకు ఆనించి ఉంది. శంకరయ్య "అక్కా" అని రెండుసార్లు పిలిచి, భుజం మీద చెయ్యి వేశాడు. నెట్టు ఇంకా వేడిగానే ఉంది. ఆమె ఒళ్లు చల్లబడిపోయింది.

ఆమె కుడుతున్న చివరి బస్తాలో దబ్బనం సగం దిగి ఉంది. దాని కన్నులోంచి ఎర్రదారం నేలదాకా వేలాడుతోంది.