బోరు దగ్గర డెబ్బయ్యో సంవత్సరం

మా నాయన తిమ్మప్పకూ, చిన్నాయన రంగన్నకూ ఆస్తి పాలు పంచుకున్నాక ఉమ్మడిగా మిగిలింది గోరంట్ల దారిలోని ఒక్క బోరే. కరెంటు మధ్యాహ్నం వస్తుంది. రెండింటిదాకా నీళ్లు చిన్నాయనవి, ఆ తర్వాత నాయనవి. నాయన గడియారం ముందుకు పరిగెత్తేది, చిన్నాయనది వెనకబడేది. రోజూ రెండింటికి పంచాయితీ. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే నేను విసుగొచ్చి ఒక బోర్డు తయారుచేసి మోటారు గదిలో బిగించాను. సిమ్ కార్డుతో ఇంటర్నెట్‌లోకి పోయి సరైన టైము తెస్తుంది. అది చూపిందే టైమని ఇద్దరూ మోటారు మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నారు.

రెండువేల ఎనిమిదిలో వానలు ముఖం చాటేశాయి. చిన్నాయన శనక్కాయ పంటకు ఆ పూట తడి అందకపోతే ఇక ఆశ లేదు. సరిగ్గా ఆ రోజే కరెంటు రెండు దాటాక వచ్చింది. ఆయన వంతు మొత్తం గల్లంతు.

తీరా చూస్తే సెల్ టవరుకు ఇంకా కరెంటు రాలేదు. బోర్డు మీద 1970 జనవరి 1, ఉదయం ఐదున్నర అని పడింది.

"నెట్టు దొరక్కపోతే అది లెక్క మొదలుపెట్టేది ఆడి నుంచే నాయనా" అన్నాను. వింటేగా!

"ఒట్టంటే ఒట్టే" అన్నాడు నాయన. "డెబ్బయిలో మనం యాడ పాలు పంచుకున్న్యాం? పెత్తనం నాది. నీళ్లూ నావే."

చిన్నాయన కాసేపు బుర్ర గోక్కున్నాడు.

"అట్లయితే నా చేనూ నీదే కదన్నా. నీ పెత్తనంలో ఎండబెడతావా? ఊరు నగదా?"

నాయన పార అందుకుని, తమ్ముణ్ణి నోటికొచ్చినట్టు తిడుతూ, నీళ్లు తమ్ముడి చేనికే మళ్లించాడు.

కాసేపటికి టవరు లేచింది. బోర్డు మీద అసలు తేదీ, అసలు టైము సెకన్లతో సహా వచ్చేశాయి. మూడు కావస్తోంది. నీళ్లు ముమ్మాటికీ నాయనవి. చిన్నాయన బోర్డు వైపు చూసి, నా వైపు చూశాడు. ఇంత కచ్చితంగా పనిచేసేదాన్ని చేసి పెట్టినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

"అమ్మీ, నెట్టు వచ్చెనా?" చేలో నుంచి కేకేశాడు నాయన.

"లేదు నాయనా. ఇంకా డెబ్బయిలోనే ఉండాం."

"అట్లయితే మీ చిన్నాయనను రమ్మను. ఆ కాలంలో వాడు నా మాట వింటాండె. వచ్చి నీళ్లు మళ్లించేకి మడవ కట్టమను."

చిన్నాయన పంచె ఎగ్గట్టి పరిగెత్తాడు.